పడుకుంటే తొంభై నాలుగు

"మాస్టారు కళ్లు తెరిచారండి. నన్ను చూసి కుడిచెయ్యి ఎత్తబోయారు. లేవలేదనుకోండి. కానీ ఎత్తబోయారు."

ఆ మాట చెబుతున్న రూబీ నవ్వుతోందో ఏడుస్తోందో యలమందకి అంతుబట్టలేదు. తెనాలి ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్ల వార్డు ముందు, ప్లాస్టిక్ కుర్చీలోంచి ఆవిడ నిన్నటి నుంచీ కదల్లేదు. ఇప్పుడు శనివారం ఉదయం తొమ్మిదీ పది. ఆవిడ భర్త దేవసహాయం రేపల్లెలో మిషన్ బడి హెడ్మాస్టరు. మెదడులో రక్తనాళం చిట్లి నిన్న పొద్దున ఈ తలుపుల్లోంచి లోపలికి వెళ్లాడు. గడ్డకట్టిన రక్తం తీసేశారు, చిట్లినచోట మూసేశారు. ఇక ప్రాణానికి భయం లేదని సర్జను ఇప్పుడే చెప్పి టిఫిను చేయడానికి వెళ్లాడు. మాట మాత్రం రాలేదు. వారానికొస్తుందో నెలకొస్తుందో ఎవరూ చెప్పలేరు.

యలమంద గుండెల మీంచి ఒక బస్తా దిగింది. రెండోది అలాగే ఉంది. ఆ రెండో బస్తా పేరు కరుణ.

కరుణ నర్సు. డాక్టర్ రాజరాజేశ్వరి పదకొండేళ్లుగా చేస్తున్న పరిశోధనలో పని చేస్తోంది. ఎక్కడో గానీ కనిపించని వింత ఊపిరితిత్తుల జబ్బులు ఈ డెల్టా ఊళ్లలో ఎవరికున్నాయో వెతకడం ఆ పరిశోధన. కరుణ స్కూటీ మీద ఇల్లిల్లూ తిరిగి, వేలికి క్లిప్పు తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసి రాసుకొస్తుంది. నిన్న ఉదయం ఆరింటికి రేపల్లెలో చర్చి పక్కగదిలో దేవసహాయాన్ని చూడటానికి వెళ్లింది. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఏడింటికి ఆయన అదే గదిలో తల వెనక దెబ్బతో, చొక్కా నిండా రక్తంతో పడి ఉన్నాడు. కరుణ గీసిన ఆయన వంశవృక్షం కాయితం కనబడలేదు. మధ్యాహ్నం మూడున్నరకి సి.ఐ. విజయసారథి కరుణని అరెస్టు చేశాడు. హత్యాయత్నం కేసు.

ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అంటే ఈ రోజు మూడున్నర. ఈలోపు ఏదో ఒకటి తేలకపోతే ఆ అమ్మాయి జైలుకి వెళ్తుంది. ఒకసారి వెళ్లిన నర్సుని రేపు నిర్దోషి అన్నా ఏ ఇంటివాళ్లు గుమ్మం ఎక్కనిస్తారు? అందుకే డాక్టరమ్మ నిన్న సాయంత్రం యలమందకి కబురు పెట్టింది.

యలమంద పేరుకి డిటెక్టివే. చేసేది మాత్రం పెళ్లిసంబంధాల ఎంక్వైరీ. పెళ్లికొడుకు తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, ఆ ఇంట్లో ఎవరికైనా దాచిన జబ్బులున్నాయా, ఇవీ ఆయన పరిశోధనలు. అంతకుముందు పోలీసుశాఖలో హెడ్ కానిస్టేబులు. అందులో పద్దెనిమిదేళ్లు ఆసుపత్రి ఔట్‌పోస్టులో కూర్చుని దెబ్బలతో వచ్చినవాళ్ల వివరాలు రాశాడు. పతకాలేమీ రాలేదు గానీ, ఏ రక్తం ఎక్కడి నుంచి వచ్చిందో చూడగానే చెప్పగలిగే కన్ను మాత్రం వచ్చింది.

"అమ్మా, దెబ్బ తల వెనక. చొక్కా తడిసింది ముందు," అన్నాడు యలమంద, కుర్చీ దగ్గరికి లాక్కుని. "ఆ ముందున్న రక్తం ఎక్కడిదంటారు?"

"అది ముక్కులోది అయ్యుంటదండి."

"ముక్కు మీద దెబ్బేం లేదే."

"దెబ్బెందుకండి, వేడి చేసుంటది." రూబీ ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది. "ఆయనది వేడి శరీరం. వారానికి రెండుసార్లన్నా కారుద్ది. మా మామగారికీ అంతే. మా అమ్మాయి బ్లెస్సీకి చిన్నప్పట్నుంచీ అంతే. సబ్జా నానబెట్టి ఇస్తాను, బార్లీ కాస్తాను. తగ్గుద్ది."

"డాక్టరుకి చూపించలేదా?"

"ముక్కులోంచి రక్తమొస్తే డాక్టరు దగ్గరికెవరెళ్తారండి? మజ్జిగ తాగుతారు."

యలమంద తలూపాడు. వాళ్లింట్లోనూ అదే చేస్తారు.

"మరి ఆయాసం సంగతి?"

"అదో వింతండి. అందరికీ పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే తగ్గుద్ది. ఈయనకి తిరగబడింది. కూర్చుంటే ఆయాసం, పడుకుంటే హాయి. పిల్లకాయలు బల్ల మాస్టారని పేరు పెట్టారు. బల్ల మీద పడుకునే పద్యాలు చెప్తారు మరి. పొద్దున్నే చర్చి పక్కగదిలో ఒంటరిగా చదువుకుంటారు, అదీ పడుకునే. బద్ధకమని ఊరంతా నవ్వేది. కరుణమ్మ వచ్చాకే అది జబ్బని తెలిసింది."

అప్పుడే వచ్చి వెనక నిలబడిన రాజరాజేశ్వరి ఈ మాటలన్నీ విన్నది. యాభై దాటిన డాక్టరు, నెమ్మదైన మనిషి. ఇప్పుడు మాత్రం చేతిలో ఫైలు గోడకేసి కొట్టేటట్టుంది.

"ఫారంలో అడిగానుగా రూబీ గారూ. ముక్కు జబ్బులు ఉన్నాయా అని. లేవని రాసిచ్చారు."

"లేవుగా మేడమ్. వేడి ఒక జబ్బా?"

డాక్టరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. తెరిచాక ఆ కళ్లలో కోపం లేదు. "తప్పు నాదేలెండి. ఈ ఊళ్లలో పుట్టి పెరిగి, ముక్కు జబ్బు అని అడిగాను. వేడి చేస్తుందా అని అడగాల్సింది," అంది. తర్వాత యలమంద వైపు తిరిగింది. "మన పంటకాలువ నీళ్లు పిల్లకాలువల్లోకి వెళ్లి, చేలో పారి, ఆ తర్వాత కదా మురుక్కాలువలో కలవాలి? ఈ జబ్బులో మధ్యనుండే పిల్లకాలువలు కొన్నిచోట్ల ఉండవు. కాలువ తిన్నగా మురుక్కాలువలో పడుతుంది. ఊపిరితిత్తుల్లో అలా అయితే రక్తానికి గాలి అందదు. కూర్చుంటే ఎక్కువ దారి తప్పుతుంది, పడుకుంటే తక్కువ. ముక్కులో అయితే రక్తం కారుతుంది, పెదవుల మీద అయితే ఎర్రచుక్కలు తేలతాయి. మెదడులో అయితే ఒకరోజు చిట్లుతుంది. వంశంలో వచ్చే జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగంమందికి వస్తుంది."

రూబీ లేచి నిలబడింది. "మా బ్లెస్సీ?"

"ఇప్పుడే స్కానింగుకి పంపిస్తున్నాను. కంగారు పడకండి. ముందు తెలిస్తే మూసేయగల జబ్బే ఇది. తొడ దగ్గర సన్నటి గొట్టం పెట్టి లోపలి నుంచే మూసేస్తాం."

"అయితే మాస్టారికి ఎవరూ కొట్టకుండానే నాళం చిట్లింది. ముందు ముక్కు కారింది, తర్వాత తల తిరిగింది, పడుతూ పడుతూ దేనికో తల కొట్టుకుంది," అన్నాడు యలమంద.

"నేనూ అదే అంటున్నాను. కానీ నేను కరుణ పై అధికారిని, నా మాట సి.ఐ. వినడు. సర్జనుని అడిగితే, దెబ్బ తగిలినా చిట్లే అవకాశం ఉందన్నారు. నిజమే మరి, ఆయన అబద్ధం చెప్పలేరు."

యలమంద గడియారం చూసుకుని లేచాడు. తొమ్మిదీ నలభై.

*

రేపల్లె చేరేసరికి పదకొండు. చర్చి పక్కగది తలుపుకి తాళం, తాళానికి లక్క, ఎదురుగా కుర్చీలో కానిస్టేబులు రమేష్ బాబు. యలమంద గుమ్మం బయటే ఆగి సి.ఐ.కి ఫోను చేశాడు.

"ఏంటి బాబాయ్, పెళ్లి చూపులా?" అన్నాడు విజయసారథి అవతల నుంచి. ఇరవై ఏళ్ల క్రితం కొత్త ఎస్.ఐ.గా మూడు నెలలు ఔట్‌పోస్టులో యలమంద పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. ఆ రోజుల పిలుపు అలాగే ఉండిపోయింది. గౌరవం మాత్రం భుజం మీద చుక్క పెరిగినప్పుడల్లా ఒక్కో మెట్టు దిగింది.

"గది ఒకసారి చూడనివ్వండి సార్."

"చూడ్డానికేముంది అక్కడ? ఆరూ అయిదుకి గొడవ పడ్డారు, సాక్షి ఉన్నాడు. ఆరూ పదికి ఇత్తడి కొవ్వొత్తి స్టాండుతో కొట్టింది, స్టాండుకి రక్తం ఉంది. కాయితం తీసుకుని ఉడాయించింది. ఆరూ నలభై రెండుకి చెరుకుపల్లిలో ఇంకో రోగి దగ్గర ఏమీ ఎరగనట్టు క్లిప్పు పెట్టుకుని కూర్చుంది. అంతే కథ."

"అయినా సరే."

"పది నిమిషాలు. మావాడు పక్కనే ఉంటాడు, దేన్నీ ముట్టుకోవద్దు. నాకు తలనొప్పిగా ఉంది, మళ్లీ ఫోన్ చేయకండి."

రమేష్ బాబు తలుపు తెరిచాడు. చిన్నగది. గోడవారగా పొడుగు బల్ల. దాని పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో బరువైన పాతకాలం మేజా. నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం. మేజా అంచున, ఇత్తడి తొడుగు వేసిన మూల దగ్గర, చిటికెడు రక్తపు మరక, దానికంటుకుని రెండు తెల్లవెంట్రుకలు.

"ఇవి చూశారా రమేష్ బాబు గారూ?"

కానిస్టేబులు వంగి చూశాడు. "నిన్న స్టాండు దొరికేసరికి మిగతావి పెద్దగా పట్టించుకోలేదండి."

"స్టాండు ఫోటో ఉందా?"

ఉంది. ఫోనులో పెద్దది చేసి చూపించాడు. స్టాండు అడుగు పళ్లెంలో గుండ్రటి రక్తపు బొట్లు, అయిదో ఆరో. ఒక్కదానికీ తోక లేదు. ఒక్క వెంట్రుక లేదు.

"కొడితే చెదురుతుంది, అలుక్కుంటుంది, వెంట్రుక అంటుకుంటుంది. ఇది నిటారుగా కారిన బొట్టు. ముక్కులోది," అన్నాడు యలమంద. "స్టాండు ఎక్కడ దొరికింది?"

"బల్ల పక్కన కిందే అండి."

"నేనే పెట్టానయ్యా," అన్నారెవరో గుమ్మం దగ్గర. చర్చి చూసుకునే తోమాసు. డెబ్భై దాటినవాడు, ముందురోజు ఉతికిన తెల్లచొక్కాలో ఉన్నాడు. "ఆదివారానికి తోమాలని గురువారమే దించి కింద పెట్టాను. అడిగితే చెప్పేవాణ్ణే. ఎవురూ అడగలా."

"ఇప్పుడు నేనడుగుతున్నాను. నిన్న మీరు విన్న గొడవేంటి?"

"ఆరూ అయిదండి. ఊడుస్తన్నాను. ఆ నర్సమ్మ ఏదో పేరు అడిగింది. మాస్టారికి కోపమొచ్చింది. 'ఆ పేరు మా ఇంట్లో నలభై ఎనిమిదేళ్లుగా ఎత్తలేదు, నువ్వెవరివి ఎత్తడానికి' అన్నారు. ఆవిడేమో 'మాస్టారూ, ఒక కొమ్మ వదిలేస్తే ఒక ప్రాణం పోవచ్చు' అంది. పెద్దోళ్ల మాటలు మనకెందుకని పాలకెళ్లిపోయాను. వచ్చేసరికి ఏడు."

"ఏ పేరు?"

తోమాసు నేల చూపులు చూశాడు.

"తోమాసు గారూ, ఒక ఆడపిల్ల జైలుకి పోతోంది."

"మావాళ్లు బైబిలు మొదటి పేజీలో ఇంట్లో పుట్టినోళ్ల పేర్లు రాసుకుంటారండి. పోయినోళ్ల పేరు పక్కన సిలువ గుర్తు పెడతారు. మాస్టారి మేనత్త ఒకావిడ ఇంట్లో చెప్పకుండా పురోహితుల అబ్బాయిని చేసుకుని వెళ్లిపోయింది. ఆవిడ పేరు పక్కన సిలువ పెట్టలా. పేరు మీదే గీత కొట్టారు, సిరాతో, కనబడకుండా. ఆవిడ పేరు నా నోట చెప్పించొద్దు బాబూ. ఆ ఇంటి ఉప్పు తిన్నాను."

యలమంద ఇంక గుచ్చి అడగలేదు. పెళ్లి ఎంక్వైరీల్లో ఇలాంటి గీతలు ఆయన చాలా చూశాడు. గీత కొట్టినంత మాత్రాన మనిషి పోదు. రక్తమూ పోదు.

నాలుగు నిమిషాలు మిగిలాయి. గది మధ్యలో నిలబడి నాలుగువైపులా చూశాడు. నిన్న ఆరుగురు పోలీసులు ఇలాగే నిలబడి చూసి ఉంటారు. నిలబడి చూస్తే ఏముంది, గోడలూ మేజా తప్ప. అప్పుడు రూబీ మాట గుర్తొచ్చింది. బల్ల మాస్టారు.

"రమేష్ బాబు గారూ, నేను ఈ బల్ల మీద పడుకుంటాను. దేన్నీ ముట్టుకోను, నా వీపు తప్ప."

కానిస్టేబులు నవ్వాపుకున్నాడు. యలమంద చెప్పులు విడిచి, మోకాళ్లు కిర్రుమంటుండగా, బల్ల మీద వెల్లకిలా పడుకుని పక్కకి తల తిప్పాడు.

పడుకుంటే గది వేరు. కళ్లకెదురుగా ఉన్నది మేజా పైభాగం కాదు, అడుగుభాగం. ఆ అడుగున రెండు చెక్కముక్కలు కొట్టి చిన్న అరలాగా చేసుకున్నాడు మాస్టారు. అందులో ఒక కళ్లజోడు డబ్బా, రోజూ చూసుకోమని పరిశోధనవాళ్లు ఇచ్చిన వేలిక్లిప్పు, పురికొసతో కట్టిన పెన్సిలు, ఒక నోట్‌బుక్కు. నోట్‌బుక్కులోంచి బయటికి వచ్చిన మడత కాయితం చివర. పడుకుని బతికేవాడి రాతబల్ల అది.

"మీ సార్ వెతుకుతున్న కాయితం ఇక్కడుంది," అన్నాడు పడుకునే. "చేతికి తొడుగేసుకుని మీరే తీయండి. తోమాసు గారు సాక్షి సంతకం పెడతారు."

కానిస్టేబులు నోట్‌బుక్కు తీసి తెరిచాడు. శుక్రవారం తేదీ కింద రెండు వరుసలు. అతను మొహం చిట్లించాడు. "ఈ గుర్తులేంటండి?"

"తెలుగంకెలయ్యా. తెలుగు మాస్టారు కదా, ఆక్సిజన్ కూడా తెలుగులోనే కొలుచుకున్నాడు." యలమందకి ఆ అంకెలు నాయనమ్మ నేర్పింది. వేలు ఆనించకుండా చదివాడు. "ఆరు గంటలు. కూర్చుని ఎనభై ఆరు, పడుకుని తొంభై నాలుగు. ఇది కరుణ ఉండగా రాసింది. దీని కింద చూడు. ఆరూ నలభై. కూర్చుని ఎనభై నాలుగు. పడుకుని... అని ఉంది. అంకె లేదు. గీత కిందకి జారిపోయింది."

ఆరూ నలభైకి మనిషి స్పృహలో ఉండి రాసుకుంటున్నాడు. చెయ్యి మాట వినకపోయేసరికి పుస్తకం అరలో పెట్టి లేవబోయి పడి ఉంటాడు. ఆరూ నలభై రెండుకి కరుణ చెరుకుపల్లిలో ఉంది. రెండూళ్ల మధ్య ఎంత తోలినా పావుగంట పైనే దారి. యలమంద బల్ల మీంచి లేస్తూ హమ్మయ్య అనుకున్నాడు, నడుంకోసం కొంత, కరుణకోసం ఎక్కువ.

తర్వాత కానిస్టేబులు మడతకాయితం విప్పాడు. కరుణ నీటుగా గీసిన గళ్లు, పేర్లు. మాస్టారి తండ్రి పక్కన ఒక గడిలో ప్రశ్నార్థకం. దాని కింద పెన్సిలుతో మాస్టారి అక్షరాలు, నాలుగు వరుసలు. రమేష్ బాబు చదివాడు. మళ్లీ చదివి, తెల్లబోయి, కాయితం యలమంద వైపు తిప్పాడు.

యలమంద చదివి, కాయితం మళ్లీ మడతపెట్టించాడు. "ఇది మీ సార్ చేతికే ఇద్దాం," అన్నాడు. "నువ్వూ నాతో రా. దారిలో ఆయనకి ఫోను చేయకు."

*

పంచనామా రాసి, సంతకాలు పెట్టించి, బస్సు పట్టుకుని బాపట్లలో సి.ఐ. ఆఫీసు మెట్లెక్కేసరికి రెండూ ఇరవై. విజయసారథి మేజా మీద రిమాండు కాయితాలు సంతకానికి సిద్ధంగా ఉన్నాయి. వాటి పక్కన తలనొప్పి బామ్ సీసా, సబ్జా గింజలు తేలుతున్న నీళ్లసీసా, మెరూన్ రంగు చేతిరుమాలు. కవర్లో పెట్టిన కరుణ వేలిక్లిప్పు ఒక మూల ఉంది.

"పది నిమిషాలన్నాను. నా కానిస్టేబుల్నే తీసుకొచ్చారు," అన్నాడు సి.ఐ.

"ఆయనే నన్ను తీసుకొచ్చారు సార్, ఆధారాలతో."

యలమంద నిలబడే చెప్పాడు. మేజా మూల మీది వెంట్రుకలు, స్టాండు మీది బొట్లు, ఆరూ నలభై. చెప్పేకొద్దీ విజయసారథి దవడ బిగిసింది.

"నోట్‌బుక్కు ఎవరైనా రాసి పెట్టొచ్చు బాబాయ్. ఆ నర్సే రాసిందేమో."

"తెలుగంకెలు ఆవిడకి రావు. మీకూ రావు."

"నేర్చుకుంటే ఎవరికైనా వస్తాయి. డాక్టరమ్మ ఫీజు పుచ్చుకుని మీరు పాటలు పాడొద్దు. మీ హయాం అయిపోయింది. పద్దెనిమిదేళ్లు ఔట్‌పోస్టులో కూర్చుని దర్యాప్తు అధికారి అయిపోరు ఎవరూ."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. యలమందకి కోపం వచ్చింది. కానీ ఆ చేతిరుమాలు మీద కన్ను పడగానే ఆ కోపం ఎటో పోయింది. ఇరవై ఏళ్ల క్రితం కూడా ఈ కుర్రాడి జేబులో ఇదే రంగు రుమాలు. తెల్లది ఎందుకు వాడవయ్యా అంటే, నాది వేడి శరీరం బాబాయ్, మరకలు కనబడతాయని నవ్వేవాడు. కింది పెదవి మీద ఎర్రటి చుక్కలు రెండు మూడు అప్పుడూ ఉన్నాయి. ఇప్పుడు పదిదాకా ఉన్నాయి.

"సార్, నోట్‌బుక్కు పక్కన పెట్టండి. కరుణ వెళ్లాక మాస్టారు ఇంకొకటి రాశారు. కరుణ అడిగిన పేరుకి కోప్పడి పంపేసి, ఆ తర్వాత మనసు మార్చుకుని రాశారు. ఇందులో ఉన్న సంగతి ఆ ఇంట్లోవాళ్లకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. కరుణ రాయగలదేమో మీరే చెప్పండి."

రమేష్ బాబు కాయితం తెచ్చి సి.ఐ. ముందు పెట్టి, వెనక్కి రెండడుగులు వేశాడు.

విజయసారథి మొదట విసుగ్గానే చదివాడు. తర్వాత ఆగాడు. మళ్లీ మొదటి నుంచి, ఈసారి పెదవులు కదుపుతూ చదివాడు.

మేనత్త కృపావతి. బాపట్ల. ఒక్కడే కొడుకు విజయసారథి. పోలీసు.

నాలుగో వరుసలో అక్షరాలు వంకరపోయి, ఒకదాని మీదొకటి ఎక్కి, కాయితం కింది అంచుదాకా జారాయి. అయినా చదవొచ్చు.

వాడికి చెప్పాలి.

విజయసారథి కాయితం మీంచి తలెత్తాడు.

"మా అమ్మ పేరు కృపావతి," అన్నాడు విజయసారథి, ఎవరో అడిగినట్టు. "నా అన్నవాళ్లు ఎవరూ లేరని చెప్పేది. హాస్టల్లో పెరిగానని."

"ఉన్నారు. పేరు మీద గీత కొట్టుకున్నారు గానీ, మిమ్మల్ని కనిపెడుతూనే ఉన్నట్టున్నారు. ఆవిడ ఎలా పోయారు?"

"నలభై ఒకటో ఏట. తల పగిలిపోతోందని పడుకుంది. లేవలేదు." ఆగి, "నాకు ఆ రోజు పరీక్ష," అన్నాడు.

"మీకు తలనొప్పి ఎన్నాళ్ల నుంచి?"

జవాబు రాకముందే యలమంద ఫోను తీసి డాక్టరుకి కలిపి, స్పీకరు పెట్టాడు. విషయం నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"తలనొప్పి ఎన్నాళ్ల నుంచి?" డాక్టరూ అదే అడిగింది.

"మూడు రోజులండి," అన్నాడు సి.ఐ. నెమ్మదిగా.

"జీపు మీరు నడపకండి. మెట్లు కూడా మెల్లగా దిగండి. ఎవరినైనా పక్కన పెట్టుకుని ఇప్పుడే తెనాలి రండి. భయపెట్టడానికి చెప్పట్లేదు, చిట్లకముందు వచ్చినవాళ్లకి చేయగలిగింది చాలా ఉంది. రూబీ గారి అమ్మాయికి ఇప్పుడే స్కానింగు అయింది. మెదడు శుభ్రంగా ఉంది. ఊపిరితిత్తిలో చిన్నదొకటి, వచ్చే వారం మూసేస్తాను. మీ పక్కన నర్సు ఎవరైనా ఉన్నారా?"

విజయసారథి రిమాండు కాయితాల వంక చూశాడు. వాటిని రెండుగా చించి, కేసులు రాసే రైటర్ని పిలిచి, ఆధారాల దృష్ట్యా అరెస్టు ఉపసంహరించి విడుదల చేస్తున్నట్టు రాయమన్నాడు. గోడ గడియారంలో రెండూ నలభై అయిదు. యలమంద రెండో బస్తా అక్కడ, ఆ గచ్చు మీద, చప్పుడు లేకుండా దిగింది.

కరుణ పక్కనున్న స్టేషన్‌లోంచి లోపలికి వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, ఒక్క పగలూ ఒక్క రాత్రిలో నలభై దాటినట్టుంది. విడుదల అన్న మాట విని గోడకి చెయ్యి ఆనించింది. "మాస్టారు?" అని మాత్రం అడిగింది.

"కళ్లు తెరిచారమ్మా. చెయ్యి ఎత్తబోయారు," అన్నాడు యలమంద. అప్పుడు ఏడ్చింది, పైటతో మొహం కప్పుకుని, హాయిగా.

కాయితం చూపించాక కళ్లు తుడుచుకుంది. సి.ఐ. పెదవి వంక, రుమాలు వంక, సబ్జా సీసా వంక చూసింది. మేజా మీది కవరు చించి తన క్లిప్పు తీసుకుంది.

"చెయ్యి ఇవ్వండి సార్."

తనని జైలుకి పంపబోయిన మనిషి చెయ్యి పట్టుకుని వేలికి క్లిప్పు పెట్టింది. ఎర్ర అంకెలు కాసేపు వెతుక్కుని నిలబడ్డాయి.

"కూర్చుని ఎనభై ఏడు. ఇప్పుడు ఆ బల్ల మీద పడుకోండి."

విజయసారథి బెల్టు వదులు చేసుకుని, పిటిషన్లు ఇచ్చేవాళ్లు కూర్చునే చెక్కబల్ల మీద పడుకున్నాడు. రమేష్ బాబు తన టోపీ మడిచి తల కింద పెట్టాడు. అంకె కదిలింది. ఎనభై తొమ్మిది. తొంభై ఒకటి. కరుణ ఊపిరి బిగబట్టి చూస్తోంది. బల్ల మీది మనిషి మాత్రం, బహుశా ఇన్నేళ్లలో మొదటిసారి, ఎందుకో తెలిసి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"తొంభై నాలుగు," అంది కరుణ. "మాస్టారి అంకే సార్."

విజయసారథి కప్పు వైపు చూశాడు. "బాబాయ్," అన్నాడు. ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు. "మా అమ్మ పడుకునే కూరలు తరిగేది. పడుకునే నాకు అన్నం కలిపి పెట్టేది. ఎంత బద్ధకం నీకని నాన్న తిట్టేవాడు. నేనూ నవ్వేవాణ్ణి."

యలమంద జీపు తాళాలు అందుకుని, వెనక సీటు సర్దమని రమేష్ బాబుకి చెప్పి, విజయసారథి భుజం కింద చెయ్యి వేశాడు.

"మెల్లగా లే నాయనా. జీపులో కూడా పడుకునే వద్దువు గాని. ఇక నిన్నెవరూ ఏమీ అనరు."